ట్యాంకు కడగొద్దు మామా

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను, ఫోటో కూడా చూశాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గులకరాళ్ళు నిన్ననే కొన్నట్టు మెరుస్తున్నాయి. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "మొత్తం ఖాళీ చేసి మూడుసార్లు కడిగినా, అయినా చస్తా ఉండాయి, ఏం చేసేది" అని రాశావు. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నీతో ఫోన్లో చెప్తే "సరే సరే" అంటావు, పెట్టేసిన మరుక్షణం మళ్ళీ బకెట్టు తీసుకుని ట్యాంకు దగ్గరికే పోతావు. ఎస్వీయూ హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, నీ సంగతి నాకు తెలియదా? అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివాక ట్యాంకు పక్కన గోడకు అంటించుకో.

ముందు ఒక్క మాట. ఇంకోసారి కడగొద్దు. ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా మేత కూడా వేయొద్దు. నాలుగు రోజులు తినకపోతే గోల్డ్ ఫిష్‌కి ఏమీ కాదు, తింటేనే కష్టం. ఎందుకో చెప్తాను.

నేనూ అచ్చం నీలాగే చేశాను. మొన్న మేలో, గంగమ్మ జాతరప్పుడు. జాతరంటే మా ఇల్లు ఎట్లుంటుందో నీకు తెలుసు కదా. చాటింపు వేసిన రోజు నుంచి చుట్టాలు దిగడం మొదలు. ఈసారి మా తమ్ముడి కొడుకుకి మొక్కు ఉంది, మాతంగి వేషం వేయించాలి అని అందరూ వచ్చేశారు. లెక్క పెడితే పద్నాలుగు మంది. వాళ్ళు వచ్చే ముందు ఇల్లంతా కడగాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఇల్లు కడుగుతూ ఉంటే ట్యాంకు ఒక్కటే మురికిగా కనిపించింది. సరే, అదీ ఒక పట్టు పడదామని కూర్చున్నాను.

ఫిల్టర్ విప్పితే స్పాంజి అంతా గోధుమరంగు జిగురు. చూస్తేనే ఒళ్ళు జలదరించింది. కుళాయి కింద పెట్టి పిండాను, పిండాను, కొత్తదానిలా అయ్యేదాకా పిండాను. గులకరాళ్ళు వేడి నీళ్ళలో వేసి రుద్దాను. పాత నీళ్ళు మొత్తం పారబోసి కుళాయి నీళ్ళు నింపాను. సాయంత్రానికి ట్యాంకు ఎంత బాగుందంటే, వచ్చిన చుట్టాలంతా టీవీ వదిలేసి దాని ముందే కూర్చున్నారు.

అదీ నేను చేసిన హత్య. రెండు రోజులకి గానీ తెలియలేదు.

మూడో రోజు పొద్దున లడ్డూ పైకి తేలి నోరు కొట్టుకుంటోంది. లడ్డూ అంటే మా పాప పేరు పెట్టిన గుండ్రటి గోల్డ్ ఫిష్, నువ్వు చూశావు పోయినసారి. దాని జతకి వడ అని ఇంకొకటి ఉండేది. తిరుపతి పిల్ల కదా, ఇంకేం పేర్లు పెడుతుంది! మా మేనత్త చూసి "పాపం ఆకలేసి పైకొస్తా ఉండాయి" అంది. పిల్లలందరికీ సంబరం. ఒకడు గుప్పెడు బొరుగులు వేశాడు. కోనేట్లో చేపలకి వేస్తాం కదా, ఇక్కడ వేస్తే ఏమైంది అని వాడి లెక్క. ఇంకొకత్తి అంబలి ముద్ద వేసింది. నేను కూడా రెండు పూటలా గింజల మేత వేశాను, అది దాచను. నాలుగో రోజు తెల్లారి వడ అడ్డంగా తేలింది. మా పాప ఏడుపు చూడలేక దాన్ని కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టి వచ్చాను. బయట వీధిలో డప్పులు, ఇంట్లో ఇది.

ఆ రోజు మధ్యాహ్నం చేపల షాపుకి పోయాను. ఆయన నీలం మందు సీసా చేతిలో పెట్టి పది చుక్కలు వేయమన్నాడు. మిథిలీన్ బ్లూ అది. వేశాను. ఇంకా పాడైంది. ఆయన్ని తిట్టుకున్నాను గానీ, నేను మాత్రం చెప్పిందేముంది? "చేపలు పైకొస్తున్నాయి" అని చెప్పానే తప్ప స్పాంజి పిండిన సంగతి చెప్పలేదు. జ్వరం అని చెప్తే జ్వరం మాత్రే ఇస్తారు.

అసలు సంగతి చెప్పింది మా బావ. కోట, వాకాడు ఊళ్ళ వైపు రొయ్యల చెరువులు చేస్తాడు, నీకు తెలుసు. ఫోన్లో అంతా విని, "ఏంది బావా, పెరుగు గిన్నె కడిగేసి తోడు లేకుండా పాలు పోసి కూర్చున్నావా?" అన్నాడు. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు మామా, అందుకే అదే నీకూ చెప్తున్నాను.

చేప శరీరంలోంచి అమ్మోనియా బయటికి పోతుంది. ఎక్కువ భాగం మొప్పల్లోంచే పోతుంది, నువ్వనుకున్నట్టు రెట్టలోంచి మాత్రమే కాదు. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అదే వస్తుంది. చెరువైతే నీళ్ళు ఎక్కువ, పాచి, మట్టి ఉంటాయి, ఎట్లో అట్ల సర్దుకుంటుంది. మన రెండడుగుల ట్యాంకులో పట్టేదే యాభై ఆరు లీటర్లు, రాళ్ళు తీసేస్తే యాభై. అంత చిన్న నీటిలో ఆ అమ్మోనియాని తినేది కంటికి కనిపించని బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. అది కూడా విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. దాంతో పెద్ద ఇబ్బంది లేదు, వారం వారం కొంచెం నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ కాపురం ఉండేది ఎక్కడనుకున్నావు? నీళ్ళలో కాదు. స్పాంజిలో, రాళ్ళ మీద. నేను ఒళ్ళు జలదరించి పిండి పారేసిన గోధుమరంగు జిగురు అదే. పైగా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది వేసేదే సూక్ష్మజీవులు చావాలని. మిగిలినవేమైనా ఉంటే వాటిని షాపాయన నీలం మందు చూసుకుంది.

ఇప్పుడు నీ కథ చూడు. ట్యాంకు కొని నెల కాలేదు. తోడు ఇంకా సరిగా పడనేలేదు. మామూలుగా కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. నువ్వు వారానికొకసారి గిన్నె కడిగేస్తున్నావు. ప్రతిసారీ మొదటి రోజే. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అంటావేమో, అమ్మోనియాకి రంగు లేదు. చేపని చంపేంత ఉన్నా మన ముక్కుకి వాసన కూడా తెలియదు. అసలు మధ్యలో ఎప్పుడైనా నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా అయితే కంగారు పడకు, అది దానంతట అదే తగ్గుతుంది. చాలామంది అప్పుడే టెన్షన్ పడి ట్యాంకు ఖాళీ చేసేస్తారు.

కాబట్టి కొలవాలి. అమ్మోనియా టెస్ట్ కిట్ ఆన్‌లైన్లో తెప్పించుకో, చుక్కల మందు రకం. చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు పోసి, సీసాల్లోంచి వాళ్ళు చెప్పినన్ని చుక్కలు వేసి, ఊపి, చెప్పినంతసేపు ఆగాలి. పసుపు రంగులో ఉంటే అమ్మోనియా లేదు. పచ్చబడే కొద్దీ ఎక్కువ. మాది మొదటిసారి తోతాపురి కాయ పచ్చ వచ్చింది. చార్టు మీద చూస్తే 4 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళలో నాలుగు పాళ్ళు. సున్నా ఉండాల్సింది! అర పీపీఎంకి పోయినా చాలు, నీళ్ళు మార్చాలి. కొలిచేటప్పుడు ట్యూబు లైటు కింద చూసి మోసపోకు, పగటి వెలుతురులో చూడు. పీహెచ్ కిట్ కూడా తీసుకో, నీళ్ళలో ఆమ్లగుణం, క్షారగుణం ఎంతో చెప్పే అంకె అది. డబ్బులు దండగ అనుకోకు, ఎందుకో చెప్తాను.

అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, ఇంకొకటి నేరుగా మొప్పల్లోంచి లోపలికి పోయే అసలు విషం. కిట్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. అందులో విషం వాటా ఎంతనేది పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషం వాటా అర శాతం చిల్లర. అదే పీహెచ్ 8 ఉంటే ఐదు శాతం దాటుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే దాదాపు పదింతలు! ఇంక నీళ్ళు 30 డిగ్రీలకి పోతే ఏడున్నర శాతం. మన ఎండలకి ఇంట్లో ట్యాంకు 30 ఉండటం ఏమంత కష్టం? మీ ఇంట్లో బోరు నీళ్ళు కదా, బకెట్టు అంచున తెల్ల చార కట్టే నీళ్ళు. అట్లాంటి నీళ్ళు చాలాసార్లు 8 దగ్గరే ఉంటాయి. అంటే ఎక్కడో పీహెచ్ తక్కువగా ఉండే నీళ్ళున్న ఊళ్ళో 1 పీపీఎంతో నెట్టుకొచ్చే చేప, నీ దగ్గర అదే 1 పీపీఎంకి చావొచ్చు. మా బావ చెప్పాడు, రొయ్యల చెరువుల్లో మధ్యాహ్నం పూట పీహెచ్ పెరుగుతుందట, అందుకని వాళ్ళకి ఆ వేళ అమ్మోనియా అంటే భయం. చూశావా, రొయ్యల రైతుకి తెలిసింది మన ఎమ్మెస్సీలకి తెలియలేదు.

అట్లని పీహెచ్ తగ్గిద్దామని వెనిగరూ నిమ్మరసమూ పోసేవు! నీ బుద్ధి నాకు తెలుసు. హఠాత్తుగా పైకీ కిందికీ పోతే దానికే చేప చస్తుంది. పీహెచ్ ని దాని మానాన వదిలేసి అమ్మోనియా తగ్గించు.

తగ్గించడానికి మంత్రాలేం లేవు, నీళ్ళు మార్చడమే. కానీ సగమే. సగం తీస్తే 4 ఉన్నది 2 అవుతుంది, మళ్ళీ సగం తీస్తే 1. నేను మొదటి రెండు రోజులు పొద్దున సగం, సాయంత్రం సగం మార్చాను, తర్వాత రోజుకి ఒకసారి పావు వంతు. పైపుతో సైఫన్ పెట్టి అడుగున ఉన్న చెత్తతో సహా లాగెయ్. చేపలు ట్యాంకులోనే ఉండాలి, స్పాంజి ముట్టుకోకూడదు. ఫిల్టర్ ఆపితే మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోవద్దు. నేను ఒకసారి మరిచిపోయాను, దాని గురించి రాయను.

కొత్త నీళ్ళు పోసే ముందు క్లోరిన్ సంగతి చూడాలి. నీది బోరు కాబట్టి నీకు ఆ బాధ లేదు. మాకు మున్సిపల్ కుళాయి. డ్రమ్ములో పట్టి మూత తీసి, ఆక్సిజన్ మోటారు గొట్టం వేసి ఒక రోజు ఉంచుతాను. తొందరగా కావాలంటే షాపులో యాంటీ క్లోరిన్ అని చుక్కల మందు దొరుకుతుంది. అది క్లోరిన్‌ని మాత్రమే తీస్తుంది మామా. పేరు చూసి అమ్మోనియాకి కూడా పనికొస్తుందని సీసా మొత్తం వంచేవు. ఇంకోటి, మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు నేరుగా పోశావంటే చేపల పులుసే. చేతి మణికట్టు మీద పోసుకుని, పాత నీళ్ళకీ కొత్త నీళ్ళకీ తేడా తెలియకపోతేనే పోయ్.

ఇప్పుడు నేను చేసిన రెండో తప్పు. మొదటిదానికంటే ఇదే నాకు జాస్తి సిగ్గు.

బావ జాతర ఆఖరి రోజు వస్తూ ఒక సంచిలో జియోలైట్ తెచ్చాడు. రొయ్యల చెరువుల్లో చల్లుతారే, అది. వాళ్ళు చల్లేది పొడి, నాకు గింజల్లాంటిది ఏరి తెచ్చాడు. అది ఒక రకం రాయి, అమ్మోనియాని పట్టి ఉంచుతుంది. గుడ్డ మూటలో కట్టి ఫిల్టర్లో పెట్టాను. ఒక్క రోజులో పచ్చ రంగు తగ్గి లేత పసుపుకి దగ్గరైంది. లడ్డూ కిందికి దిగి రాళ్ళు కెలుకుతోంది. అబ్బా, గెలిచాం అనుకున్నాం. ఇది మందే గానీ వైద్యం కాదని బావ అప్పుడే చెప్పాడు. అది అమ్మోనియాని లాగేస్తూ ఉంటే బ్యాక్టీరియాకి తిండి తగ్గుతుంది, తోడు పడటం ఆలస్యమవుతుంది, పైగా కొన్ని రోజులకి రాయి నిండిపోతుంది. చేప బతకాలి కాబట్టి పెట్టుకోవాలి, అంతే.

రెండు వారాలకి మళ్ళీ చేపలు పైకి రావడం మొదలైంది. కిట్ చూస్తే అమ్మోనియా దాదాపు లేదు. అప్పటికి నేను కొంచెం చదివాను కదా, ఇది నైట్రైట్ అని కనిపెట్టాను. మొదటి రకం బ్యాక్టీరియా ముందు పెరుగుతుంది, రెండోది వెనక నింపాదిగా వస్తుంది, మధ్యలో నైట్రైట్ పోగవుతుంది. అది రక్తంలో చేరితే రక్తం ఆక్సిజన్ మోయలేక గోధుమరంగుకి తిరుగుతుంది. నీళ్ళలో గాలి ఎంత ఉన్నా చేపకి ఊపిరాడదు. దీనికి ఉప్పు మంచిది. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఇదంతా నిజమే. నేను మహా మేధావిలా కల్లుప్పు నీళ్ళలో కరిగించి పోశాను.

జియోలైట్ మూట ఫిల్టర్లోనే ఉంది.

ఉప్పు తగిలితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాని వదిలేస్తుంది మామా. నిండిపోయిన జియోలైట్‌ని మళ్ళీ వాడుకోవాలంటే ఉప్పు నీళ్ళలో నానబెట్టేదే అందుకు. నేను ఆ పని చేపలున్న ట్యాంకులోనే చేశాను. సాయంత్రానికి గొట్టంలో మళ్ళీ తోతాపురి పచ్చ. బావకి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉప్పుటేరు నీళ్ళ చెరువుల్లో ఇది సరిగా పని చేయదని మేము ఏడ్చేది ఎందుకనుకున్నావు బావా?" అన్నాడు. ఆ రాత్రి ఇంకో చేప పోయింది. మా పాప దానికి పేరు పెట్టలేదు, అందుకు ఎక్కువ ఏడవలేదు. నేను మాత్రం పడుకోలేకపోయాను.

కాబట్టి ఉప్పు వేస్తే జియోలైట్ బయట, జియోలైట్ పెడితే ఉప్పు డబ్బాలో. గోడకు అంటించేటప్పుడు ఈ వాక్యం కింద గీత గీసుకో.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది తోడే. మా ఆఫీసులో ఒకాయనకి బైరాగిపట్టెడలో ఇల్లు, రెండేళ్ళుగా నడుస్తున్న ట్యాంకు ఉంది. చేపలు ఆరోగ్యంగా ఉన్నాయా, ఈ మధ్య ఏమైనా మందులు వాడావా అని అడిగి మరీ, ఆయన ఫిల్టర్లోంచి సగం స్పాంజి కోయించుకున్నాను. ఆయన ట్యాంకు నీళ్ళతోనే టిఫిన్ డబ్బాలో వేసుకుని, ఎండిపోకుండా, స్కూటర్ మీద పది నిమిషాల్లో తెచ్చి నా ఫిల్టర్లో పెట్టాను. గోధుమరంగు జిగురుతో ఎంత ముద్దుగా ఉందో! మా ఆవిడ ముక్కు మూసుకుంది. పది రోజులు తిరిగేసరికి అమ్మోనియా సున్నా, ఇంకో వారానికి నైట్రైట్ కూడా సున్నా. ఇప్పుడు స్పాంజికి మరీ మురికి పట్టి నీళ్ళు పారకపోతేనే, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళ బకెట్లో రెండుసార్లు ముంచి ఒత్తుతాను. అంతే. కుళాయి దాని మొహం చూడలేదు.

మిగతావి చిన్నచిన్నవి. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. కరెంటు పోతే ఫిల్టర్లో నీళ్ళు ఆగిపోయి ఆ బ్యాక్టీరియాకి కూడా గాలి ఆడదు, అందుకని బ్యాటరీతో నడిచే చిన్న మోటారు ఒకటి కొనిపెట్టుకో. మనీ ప్లాంట్ తీగ ఒకటి కోసి వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా ట్యాంకు అంచున వేలాడదీయ్, అది అమ్మోనియా, నైట్రేట్ రెండూ తాగుతుంది. మా లడ్డూ వేళ్ళు కొరుకుతుంది గానీ పోనీలే. రోజూ చేపల్ని లెక్కపెట్టు. ఒకటి బొమ్మ వెనకాల చచ్చి ఇరుక్కుంటే మొత్తం నీళ్ళని చెడగొడుతుంది.

నీకు నచ్చని మాట ఒకటి ఉంది, చెప్పేస్తాను. ఆ ట్యాంకులో నువ్వు వేసిన ఎనిమిది గోల్డ్ ఫిష్ జాస్తి. చాలా జాస్తి. మాకున్న అయిదే ఎక్కువ, ఇప్పుడు మిగిలిన మూడింటికే పెద్ద ట్యాంకు చూస్తున్నాను. గోల్డ్ ఫిష్ అంత తిని అంత వదిలే చేప. షాపులో బొటనవేలంత ఉంటాయి, సరిగ్గా పెరిగితే జానెడు దాటుతాయి. కొన్ని షాపాయనకి తిరిగి ఇచ్చెయ్, లేదంటే మీ తోటలో సిమెంటు తొట్టి ఉంది కదా, దాని సంగతి ఆలోచించు.

ఈ రోజు నువ్వు చేయాల్సింది ఇదీ. సగం నీళ్ళు తీసి, ఒక బకెట్టులో పొద్దున్నుంచి గాలి పట్టించిన బోరు నీళ్ళు పోయ్. బోరు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, అందుకని చెప్తున్నాను. ఆక్సిజన్ మోటారు రాత్రంతా నడవనీ. మేత బంద్. రేపు, ఎల్లుండి మళ్ళీ అంతే. నీలం మందు సీసా కొని ఉంటే బీరువా మీద పెట్టు.

గురువారం నాకు సెలవు. పొద్దున ఎనిమిది గంటల బస్సెక్కితే పదిన్నరకల్లా మీ ఇంట్లో ఉంటాను. నా స్పాంజిలో ముక్క కోసి టిఫిన్ డబ్బాలో తెస్తాను, బస్సులో ఎవరైనా మూత తీయమంటే నీ పేరే చెప్తాను. కిట్ కూడా తెస్తాను, నీది వచ్చేదాకా వాడుకో. అక్కకి చెప్పి సంగటి, ఊరిబిండి చేయించు. తోతాపురి కాయలు కోత అయిపోయి ఉంటే నాలుగు పక్కన పెట్టు, పచ్చివే కావాలి.

గురువారం దాకా ఆ స్పాంజిని ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు.

నీ పాత రూమ్మేట్

తా.క.: మా పాప అడగమంది, నీ చేపలకి పేర్లు పెట్టావా అని. పెట్టకపోతే తను వచ్చి పెడుతుందట. పొంగలి, పులిహోర అని ఇప్పటికే రెండు అనుకుంది.